చిన్న ఉల్లి: దిగువ కృష్ణా డెల్టాలో పెరటి సాగు

చిన్న ఉల్లి ఎర్రటి పొట్టుతో, కుదురుకు నాలుగు నుంచి పది దాకా పాయలు గుత్తిగా ఊరే ఉల్లి రకం. బజార్లో దీన్ని సాంబారు ఉల్లి అంటారు. గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాల్లో వరి, మినుము, చేపల చెరువుల మధ్య దీనికి పొలంలో చోటు తక్కువ. పెరటి మడుల్లో, మిద్దె తోటల్లో ఇంటి అవసరానికి పండించుకోదగిన పంట ఇది. నాటిన నెల రోజులకు కాడలు కూరకు వస్తాయి, 70–80 రోజులకు పాయలు చేతికొస్తాయి. వరి కోసం నీళ్లు నిలబెట్టడానికి తీర్చిన ఈ సీమలో చిన్న ఉల్లికి కావలసింది సరిగ్గా దానికి ఎదురు: వేరు దగ్గర నీరు నిలవకూడదు, ఉప్పు చేరకూడదు. ఇక్కడి సాగు మెలకువలన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

పేర్లు

తెలుగులో ఉల్లి అంటే మామూలుగా నీరుల్లే. తెల్లగా ఉండేది వెల్లుల్లి. కోస్తాలో ఉల్లిపాయ అనేదాన్ని రాయలసీమలో, నెల్లూరు వైపు ఎర్రగడ్డ అంటారు. ఉత్తరాంధ్రలో కొన్నిచోట్ల చిన్నుల్లి అంటే వెల్లుల్లి అని అర్థం. అందుకే కొట్లో పొరపాటు రాకుండా ‘సాంబారు ఉల్లి’ అని అడగడం వాడుకైంది. తమిళంలో ఇది చిన్న వెంగాయం, మలయాళంలో చువన్నుళ్ళి. సంస్కృత వైద్య గ్రంథాల్లో ఉల్లి పేరు పలాండువు. ఇంగ్లీషు వారి ‘షాలట్’ అన్న మాట మధ్యధరా తీరంలోని ప్రాచీన రేవు పట్టణం అస్కలాన్ పేరు నుంచి వచ్చింది. ఆ ఊరే దీని పుట్టిల్లని ఒకప్పుడు నమ్మేవారు. ఉల్లి జాతి తొలి నెలవు మధ్య ఆసియా అని ఇప్పటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

మొక్క తీరు

చిన్న ఉల్లిని చాలాకాలం ‘ఆలియం అస్కలోనికం’ అనే వేరే జాతిగా లెక్కవేశారు. ఇప్పుడు మామూలు ఉల్లి జాతి అయిన ‘ఆలియం సెపా’లోనే ‘అగ్రిగేటం’ అనే వర్గంగా చూస్తున్నారు. రెండింటికీ క్రోమోజోములు 16. రెండూ తేలిగ్గా సంకరమవుతాయి.

తేడా ఏమిటో వంటింట్లోనే తేలిపోతుంది. పెద్ద ఉల్లిపాయను అడ్డంగా కోస్తే చక్రాలన్నీ ఒకే నడిబొడ్డు చుట్టూ ఉంటాయి. ముదిరిన సాంబారు ఉల్లిని అలాగే కోస్తే, బయటి రెండు మూడు పొరల లోపల రెండో మూడో వేర్వేరు బొడ్లు, ఒక్కోదాని చుట్టూ దాని సొంత చక్రాలు కనిపిస్తాయి. ఒక్కో బొడ్డూ ఒక మొలక. నేలలో పెట్టినప్పుడు ఇవి విడివిడిగా ఆకు తొడిగి, అడుగున ఒకే చిన్న పళ్లానికి అంటుకొని పక్కపక్కనే ఊరుతాయి. కుదురు పెరికి విదిలిస్తే పాయలు వాటంతటవే విడిపోతాయి.

ఆకులు బోలుగా, గొట్టాల్లా ఉంటాయి. వేళ్లు పైపైనే పరుచుకుంటాయి, ఎక్కువ భాగం జానెడు లోతు దాటదు. పై మట్టి ఎలా ఉంటే మొక్క అలా ఉంటుందన్నమాట. పగటి నిడివి ఒక హద్దు దాటినప్పుడే ఉల్లి గడ్డ ఊరడం మొదలుపెడుతుంది. చలి దేశాల రకాలకు 14 గంటలకు పైగా వెలుతురు కావాలి. దక్షిణ భారత రకాలకు 11–12 గంటలు చాలు. గుడివాడ అక్షాంశం 16 డిగ్రీల పైచిలుకు. ఇక్కడ డిసెంబరులో కూడా పగలు 11 గంటలకు తగ్గదు. అందుకే విదేశీ విత్తన పొట్లాల నుంచి మొలిచిన షాలట్ ఇక్కడ ఆకులకే పరిమితమవుతుంది, దక్షిణాది పాయ మాత్రం చలికాలంలోనూ చక్కగా ఊరుతుంది.

వ్యాప్తి

భారతదేశంలో చిన్న ఉల్లికి పెట్టింది పేరు తమిళనాడు. పెరంబలూరు, దిండిగల్, తిరుప్పూరు ప్రాంతాల్లో దీన్ని పొలం పంటగా వేస్తారు. దిండిగల్ మార్కెట్ ఈ సరుకు వర్తకానికి కేంద్రం. ఆగ్నేయాసియాలో ఇండోనేసియా, థాయిలాండ్ వంటలు దీని మీదే నిలిచాయి. మధ్య జావాలోని బ్రెబెస్ ఊరు ఎర్ర చిన్న ఉల్లికి పేరుమోసింది.

తెలుగు నేల మీద ఉల్లి అనగానే కర్నూలు గుర్తొస్తుంది. కడప జిల్లాలో కృష్ణాపురం ఉల్లి అనే చిన్న గడ్డ రకం ఎగుమతికి పండుతుంది. వాడుకలో దాన్ని కె.పి. ఉల్లి అంటారు. అది చిన్నదే గాని గుత్తిగా కాయదు, విత్తనంతో పెరిగే మామూలు ఉల్లి తరహా. కర్ణాటక సరిహద్దులోని బెంగళూరు రోజ్ ఉల్లి కూడా ఆ కోవదే. డెల్టా జిల్లాలకు దగ్గర్లోని పెద్ద ఉల్లి టోకు మార్కెట్ తాడేపల్లిగూడెం.

డెల్టా నేల, నీరు

విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని చోట ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చింది. కాలువల నీరు అందిన ఒండ్రు నేలలన్నీ వరి మాగాణులయ్యాయి. ఈ నల్లమట్టి తడిస్తే బంకలా అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు విడుస్తుంది. వరికి ఇది వరం. ఉల్లి పాయ మాత్రం ఇందులో ఊరడానికి చోటు చాలక గిడసబారుతుంది. రెండు రోజులు నీరు నిలిస్తే అడుగు నుంచి కుళ్లుతుంది.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, వాటి మధ్య దివిసీమను దీవిగా నిలిపింది. సముద్రం వైపు పోయేకొద్దీ, నాగాయలంక, కోడూరు దిక్కున, నేలలో ఉప్పు పెరుగుతుంది. బోరు నీరు చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. మట్టిలోని ఉప్పును విద్యుత్ వాహకతతో కొలుస్తారు, కొలమానం మీటరుకు డెసీసీమెన్స్. వరి సుమారు 3 యూనిట్ల దాకా దిగుబడి తగ్గకుండా తట్టుకుంటుంది. ఉల్లికి హద్దు 1.2 మాత్రమే. ఆపైన పెరిగే ప్రతి యూనిట్‌కూ దిగుబడి సుమారు 16 శాతం పడిపోతుంది. అంటే వరికి ఇంకా ఏ ఇబ్బందీ లేని నేలలోనే ఉల్లి నాలుగో వంతుకు పైగా దిగుబడి పోగొట్టుకుంటుంది. పక్క పొలంలో వరి పచ్చగా ఉందని పెరటి నేల మంచిదనుకుంటే ఉల్లి విషయంలో దెబ్బ తింటాం. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధనా స్థానం ఉప్పును ఓర్చే వరి రకాలను తీసుకొచ్చింది. ఉల్లికి అలాంటి ఆసరా లేదు కాబట్టి మట్టినే మార్చుకోవాలి.

పెరటి నేల పనికొస్తుందో లేదో చూడటానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నిండా నీళ్లు పోయాలి. అవి ఇంకాక రెండోసారి నింపాలి. ఆ నీళ్లు మూడు నాలుగు గంటల్లో ఇంకిపోతే ఎత్తు మడి చాలు. తెల్లారేదాకా నిలిస్తే ఆ చోట కుండీలో సంచిలో తప్ప ఉల్లి పెట్టకూడదు. ఉప్పు సంగతి తేల్చుకోవడానికి మట్టి పరీక్షే దారి. ఈ ప్రాంతానికి కృషి విజ్ఞాన కేంద్రం ఘంటసాలలో ఉంది.

అదును

డెల్టాకు నైరుతి వానలతో పాటు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య వానలూ ఉంటాయి, వాటి వెంట తుపానులూ వస్తాయి. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది 2013 నవంబరు 22న. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం తాకింది 2023 డిసెంబరు 5న. వాన కొట్టిన మడిలో కొత్తగా నాటిన పాయ బతకడం కష్టం. అందుకే ఇక్కడ నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరు నడిమి దాకా, వాయుగుండం కబురు లేని రోజు చూసుకొని నాటడం మేలు. వరి కోతల వేళ మాగాణిలో మినుము చల్లే రోజులు కూడా ఇవే.

పండగల లెక్కలో చెప్పాలంటే, కార్తీక పున్నమి దాటాక నాటితే సంక్రాంతికి కాడలు కోసుకోవచ్చు, రథసప్తమి వచ్చి పోయేసరికి పాయలు తయారవుతాయి. డిసెంబరు దాటి నాటితే గడ్డ ఊరే వేళకు ఎండ ముదిరి పాయ చిన్నదిగా మిగులుతుంది.

రకాలు, విత్తనపు పాయ

కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కో–1 నుంచి కో–5 దాకా చిన్న ఉల్లి రకాలను విడుదల చేసింది. మొదటివన్నీ పాయలతో నాటేవి. కో–5 గింజ కూడా కడుతుంది కాబట్టి నారు పోసి పెంచవచ్చు. పొలంలో కో–5 దిగుబడి హెక్టారుకు సుమారు 18 టన్నులు.

పెరట్లోకి బజారు పాయే విత్తనం. తాజాగా తవ్విన పాయ నాటితే మొలవదు. ఉల్లికి కోత తర్వాత సుమారు రెండు నెలల నిద్ర ఉంటుంది. మెడ సన్నగా ఎండి, పొట్టు బిగువుగా ఉండి, నొక్కితే గట్టిగా తగిలే పాయలు ఏరుకోవాలి. కొనన పచ్చటి మొలక తొంగిచూస్తుంటే నిద్ర తీరిందని గుర్తు. మరీ పెద్దవి అక్కర్లేదు, మధ్యరకం గోలీకాయ పరిమాణం చాలు. మెత్తబడినవి, అడుగున నల్లబూజు పట్టినవి పారేయాలి. నాటబోయే ముందు ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపిన నీటిలో ముంచి తీస్తే కుళ్లు తెగులు బెడద తగ్గుతుంది.

మడి కట్టడం, నాటడం

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోటు ఎంచుకోవాలి. మడి నేలకు జానెడు ఎత్తున ఉండాలి, చుట్టూ నీరు పోయే కాలువ తీయాలి. నల్లమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపితే మట్టి గుల్లబారుతుంది. బియ్యం మిల్లులున్న ఊళ్లలో ఊక దొరకడం కష్టం కాదు. మాగిన ఊక కలిపినా బంకమట్టి విచ్చుకుంటుంది. సముద్రపు ఇసుక మాత్రం వాడకూడదు, దాంతో ఉప్పు కొని తెచ్చుకున్నట్టే.

మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు మడి ఒక కుటుంబానికి తగిన కొలత. వరుసకూ వరుసకూ 15 సెంటీమీటర్లు, పాయకూ పాయకూ 10 సెంటీమీటర్లు ఎడం పెడితే అందులో 200 పాయలు పడతాయి. తూకంలో అది కిలోకు కాస్త అటూఇటూ. పాయ పొట్టు ఒలవకూడదు. వేరు వైపు కిందికి ఉంచి, కొన మట్టి మట్టానికి వచ్చేలా గుచ్చాలి. లోతుగా పూడిస్తే పాయ నిడుపుగా సాగి మెడ లావెక్కుతుంది. వారం లోపు మొలక కనిపిస్తుంది.

మిద్దె మీద అడుగు వెడల్పున్న పెంపకం సంచిలో ఎనిమిది, పది పాయలు పెట్టవచ్చు. అడుగున చిల్లులు తప్పనిసరి. ఉప్పు నేలలున్న తీర గ్రామాల్లో కాలువ గట్టు మట్టితో నింపిన సంచే నమ్మకమైన మార్గం.

నీరు, ఎరువు, కలుపు

నాటిన వెంటనే ఒక తడి, మూడో రోజు మరొకటి, ఆపైన వారానికొకటి. వేలు గుచ్చి చూసినప్పుడు పై అంగుళం పొడిగా ఉంటేనే నీళ్లు పోయాలి. ఉప్పగా ఉండే బోరు నీటి కన్నా కాలువ నీరు, కుళాయి నీరు, పట్టి ఉంచిన వాన నీరు మంచివి. నీటి ఉప్పదనం 0.8 యూనిట్లు దాటితే ఉల్లి మీద ప్రభావం కనిపిస్తుంది.

చదరపు మీటరుకు రెండున్నర కిలోల పశువుల ఎరువు దుక్కిలోనే కలపాలి. దానితో పాటు గుప్పెడు వేపపిండి వేస్తే పోషకంతో పాటు వేరు పురుగుకు విరుగుడూ అవుతుంది. నెల రోజులప్పుడు పలుచని పేడనీరు గాని వర్మీకంపోస్టు గాని ఒకసారి ఇస్తే సరిపోతుంది. 45 రోజులు దాటాక నత్రజని వేస్తే ఆకు ఏపుగా పెరిగి, మెడ లావై, పాయ నిల్వకు నిలవదు. ఉల్లి ఘాటు గంధకం నుంచి వస్తుంది. జిప్సం వేస్తే గంధకం, కాల్షియం రెండూ అందుతాయి, చౌడు బారిన నేల కూడా కొంత తేరుకుంటుంది.

సన్నటి ఆకులున్న మొక్క కాబట్టి నేలకు నీడ పడదు, కలుపు విజృంభిస్తుంది. 20వ రోజున, 40వ రోజున చేత్తో గాని బొరిగెతో గాని పైపైనే తీయాలి. లోతుగా తవ్వితే వేళ్లు తెగుతాయి. వరుసల మధ్య వరిగడ్డి పలుచగా పరిస్తే కలుపూ తగ్గుతుంది, తడీ నిలుస్తుంది.

చీడపీడలు

తామర పురుగులు మొదటి శత్రువు. కంటికి ఆనీ ఆననంత చిన్నవి. ఆకు మొవ్వులో చేరి గీకి రసం పీలుస్తాయి, ఆకుల మీద వెండి చారలు పడతాయి. మొవ్వు విప్పి తెల్ల కాగితం మీద తడితే పాకుతూ కనిపిస్తాయి. నీలిరంగు జిగురు అట్టలు కడితే పురుగు ఉనికి తెలుస్తుంది, కొంత పట్టుబడుతుంది కూడా. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట మొవ్వు తడిసేలా చల్లాలి.

పుష్యమాసపు మంచు రెండో ఇబ్బందికి దారి తీస్తుంది. రాత్రంతా తడిసిన ఆకుల మీద ఊదారంగు నడిమితో కోల మచ్చలు వస్తాయి. ఇది శిలీంధ్రం వల్ల వచ్చే ఊదా మచ్చ తెగులు. మచ్చ పడిన ఆకులు తుంచి కాల్చేయాలి, నీళ్లు ఆకుల మీద పడకుండా మొదట్లోనే పోయాలి. పాయ అడుగు నుంచి కుళ్లి, మొక్క లాగితే సునాయాసంగా ఊడివస్తే అది అడుగు కుళ్లు. దానికి మందు కన్నా ముందు చూడాల్సింది మడి ఎత్తు. వరసగా రెండేళ్లు ఒకే మడిలో ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు. మధ్యలో చిక్కుడో గోంగూరో తిప్పుకోవాలి.

కోత

కాడల కోసం కుదురుకు ఒకటి రెండు ఆకులకు మించి తుంచకూడదు. పాయ ఊరేది ఆ ఆకుల బలంతోనే. రెండు నెలలు దాటాక కొనలు పసుపురంగుకు తిరుగుతాయి, మెడ మెత్తబడి కాడలు పక్కకు ఒరుగుతాయి. మడిలో సగం మొక్కలు ఒరిగితే పంట వచ్చినట్టు. నీళ్లు అంతకు వారం, పది రోజుల ముందే ఆపేయాలి. తడి నేలలో తవ్విన పాయ ఉట్టెక్కినా కుళ్లుతుంది.

పొడి రోజున ఉదయం పూట, కుదురు పక్కన గునపం మొనతో మట్టి కదిపి, కాడలు గుప్పిట పట్టి పైకి తీయాలి. మట్టి దులపాలే తప్ప కడగకూడదు. ఒక కుదురు పాయల మీద పక్క కుదురు ఆకులు కప్పేలా వరసగా పరిచి, నీడలో నాలుగైదు రోజులు ఆరనివ్వాలి. మెడ నలిపితే తడి తగలకుండా, బయటి పొర గలగలమనేదాకా ఆరాలి. ఎర్రదనం చిక్కబడేది ఈ రోజుల్లోనే. పొలం లెక్కన మూడు చదరపు మీటర్లకు ఐదు కిలోలకు పైగా రావాలి. పెరట్లో అందులో సగం వచ్చినా ఆ మడి బాగా పండినట్టే.

వంటిల్లు, ఆచారం

వంద గ్రాముల చిన్న ఉల్లిలో నీరు సుమారు 80 గ్రాములు, పెద్ద ఉల్లిలో 89. ఆ తేడాయే దీని చిక్కటి రుచికి ఆధారం. ఒలిచి నిండుగా వేస్తే సాంబారులో, ముక్కల పులుసులో, ఉల్లిపాయ పులుసులో చితికిపోకుండా తీపి దిగుతుంది. కోసినప్పుడు కన్నీరు తెప్పించే వాయువు పాయలో ముందే ఉండదు, కణాలు తెగి ఎంజైములు కలిసినప్పుడు పుడుతుంది. అందుకు కారణమైన ప్రత్యేక ఎంజైమును జపాన్ శాస్త్రజ్ఞులు 2002లో గుర్తించారు.

ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదని సామెత. అయినా ధర్మశాస్త్రాలు ద్విజులకు పలాండువును నిషేధించాయి, కార్తీకంలో ఉల్లి మానేసే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో. విచిత్రంగా, వంటింట్లో ఉల్లి అడుగుపెట్టని ఆ నెలే పెరట్లో మడి సిద్ధం చేసే నెల.

నిల్వ, విత్తనం నిలబెట్టుకోవడం

బాగా ఆరిన కుదుళ్లను కాడలతో జడలా అల్లి దండేనికి గాని, వెదురు తడక మీద గాని, గాలాడే ఉట్టిలో గాని ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే సముద్రపు గాలి తేమకు వారంలోనే బూజు పడుతుంది. వారానికోసారి చూసి మెత్తబడినవి తీసేస్తుంటే నాలుగు నెలలు నిలుస్తాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫిబ్రవరిలో తీసిన పాయ నవంబరు నాటడానికి తొమ్మిది నెలలు ఆగాలి, అంతకాలం అది నిలవదు. కాబట్టి పెరటి రైతు ప్రతి ఏడూ మళ్లీ బజారు పాయ కొంటాడు. దీనికి మార్గం తమిళనాడులో ఉన్న రెండో అదునే. అక్కడ ఏప్రిల్, మేలలో కూడా నాటుతారు. డెల్టాలో ఆ రోజుల్లో కాలువలు కట్టేస్తారు, బోర్లు ఉప్పెక్కుతాయి. అందువల్ల మడిలో కాకుండా కుండీల్లో, మధ్యాహ్నపు ఎండ తగలని చోట, మంచినీటితో ఓ యాభై పాయలు పెంచాలి. గట్టి వానలు పడకముందే జూన్ చివరికో జులై మొదట్లోనో తవ్వి, ఆరబెట్టి ఉట్టిలో పెడితే, కార్తీకానికి నిద్ర తీరిన విత్తనం ఇంట్లోనే సిద్ధంగా ఉంటుంది.

పాయ నుంచి పాయగా పెరిగే మొక్కలో మార్పు రాదు. ఈ నేలను, ఈ మంచును ఓర్చుకొని బాగా కాసిన కుదురును గుర్తుపెట్టుకొని దాని పాయలే విత్తనానికి ఉంచితే, ఏటేటా అదే గుణం మళ్లీ మొలుస్తుంది. కోత రోజున ముందుగా ఆ యాభై పాయలు ఏరి పక్కన పెట్టండి, ఆ తర్వాతే పులుసుకు ఒలవండి.